సఫోక్ పల్లెలో పాత కాటేజ్: వయసు ఎలా తెలుసుకోవాలి, కొనే ముందు ఏం చూడాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఇప్స్‌విచ్ దగ్గర పల్లెలో గడ్డికప్పు కాటేజ్ ఒకటి మీకు నచ్చింది. ఏజెంట్ అది 1580 నాటిదంటున్నాడు. కాపాడాల్సిన పాత కట్టడాల ప్రభుత్వ లిస్టులో మాత్రం 18వ శతాబ్దం అని ఉంది. ఎవరి మాట నమ్మాలి, గ్రేడ్ 2 ఇల్లంటే ఏమీ మార్చుకోనివ్వరా, గోడల్లో చెమ్మ ఉందంటున్నారు కాబట్టి వదిలేయాలా, గడ్డికప్పు కింద దేవుడి దీపం, పోపుల వంట కుదురుతాయా అని అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. రెండు తేదీల్లో దేన్నీ ఉన్నదున్నట్టు నమ్మకండి. లిస్టులో రాసింది ఇంటి ముఖం వయసు. ఏజెంట్ చెప్పేది పాత యజమానుల నుంచి నోటి మాటగా వచ్చింది అయి ఉంటుంది. మీరు పెట్టిన ఫోటోలు చూస్తే లోపలి కొయ్య చట్రం 18వ శతాబ్దం కంటే పాతదని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు. 1500కీ 1650కీ మధ్య ఎప్పటిదైనా కావచ్చు. అందులో ఎటువైపు అనేది అటక ఎక్కితే తేలుతుంది. ఇక కొనొచ్చా అంటే, కొనొచ్చు. కాకపోతే బయటి సిమెంట్ పూత వెనక కొయ్య ఎలా ఉందో తెలియకుండా, పాత యజమానులు చేసిన మార్పులకు అనుమతులున్నాయో లేదో చూడకుండా సంతకం పెట్టకండి. దీపం పెట్టుకోవచ్చు, పోపూ వేసుకోవచ్చు. గడ్డికప్పుకు అసలు ప్రమాదం చిమ్నీ దగ్గర ఉంటుంది.

నేను ఇంగ్లండ్ తూర్పు జిల్లాల్లో పాత ఇళ్ల సర్వేలు చేస్తుంటాను. సఫోక్, ఎసెక్స్, నార్‌ఫోక్ పల్లెల్లో ఇలాంటివి చాలా చూశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. ఓపిగ్గా చదవండి.

మీ ఇల్లు కూలీ గుడిసెగా పుట్టలేదు

మొదట ఈ సంగతి అర్థమైతే మిగతావన్నీ తేలికవుతాయి. 1600కు ముందు నిజంగా పేదవాడు కట్టుకున్న ఇల్లు ఇప్పటిదాకా నిలవడం చాలా అరుదు. సన్నపాటి కర్రలతో, పునాది లేకుండా కట్టినవి ఒకటి రెండు తరాల్లోనే పడిపోయాయి. ఈరోజు మనం కాటేజ్ అంటున్న పాత ఇళ్లలో ఎక్కువ భాగం సొంత సేద్యం ఉన్న రైతులవి, చేతివృత్తుల వాళ్లవి. స్ట్రాట్‌ఫర్డ్ దగ్గర షాటరీలో ఉన్న ఆన్ హాథవే కాటేజ్‌కి మనవాళ్లు కూడా బస్సుల్లో వెళ్తుంటారు కదా. షేక్‌స్పియర్ భార్య పుట్టిల్లు. అది పన్నెండు గదుల రైతు ఇల్లు. అందులో పాత భాగం 15వ శతాబ్దానిది. కాట్స్‌వోల్డ్స్‌లో బైబరీ పల్లెలోని ఆర్లింగ్టన్ రో ఫోటో అందరూ చూసే ఉంటారు. అది 1380 ప్రాంతంలో ఉన్ని నిలవ చేసే కొట్టుగా పుట్టింది. మూడొందల ఏళ్ల తర్వాత, 17వ శతాబ్దంలో, దాన్ని నేతగాళ్ల ఇళ్లుగా మార్చారు.

మీ ఫోటోల్లో ఇంటి పొడవు చూడండి. వరసగా మూడు గదులు, మధ్యలో లావుపాటి చిమ్నీ, మూల స్తంభాలు అడుగు మందం. ఇంత ఓక్ కొయ్య వాడాడంటే కట్టించినవాడు చేతిలో డబ్బున్నవాడే. ఎడమవైపు గోడలో మూసేసిన తలుపు అచ్చు ఒకటి కనిపిస్తోంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఎలా కట్టేవాళ్లు

ఇంగ్లండ్‌లో పల్లె ఇల్లు కాళ్ల కింద ఏది దొరికితే దానితో లేచింది. డెవన్‌లో మట్టి, గడ్డి కలిపి తొక్కి కట్టిన మందపాటి కాబ్ గోడలు. కాట్స్‌వోల్డ్స్‌లో తేనెరంగు సున్నపురాయి, పైన రాతి పలకలు, చూరు దగ్గర పెద్దవి, పైకి పోయేకొద్దీ చిన్నవి. నార్‌ఫోక్‌లో చెకుముకి రాయి. మధ్య జిల్లాల్లో రెండు వంపు కొయ్యలను నేల నుంచి పైకప్పు దాకా ఎదురెదురుగా నిలబెట్టే క్రక్ పద్ధతి. మీ సఫోక్‌లో మంచి రాయి లేదు. ఓక్ ఉంది, బంకమట్టి ఉంది, గోధుమ గడ్డి ఉంది. అందుకే మీ ఇల్లు ఆ మూడింటితోనే తయారైంది.

వడ్రంగి ఓక్‌ను పచ్చిగానే వాడేవాడు. ఆరిన ఓక్ రాయిలా గట్టిపడి పనిముట్లకు లొంగదు. నేల మీద చట్రమంతా పరిచి, ఒక కొయ్య కొనను ఇంకో కొయ్య బెజ్జంలోకి దూర్చి, చెక్క మేకులు కొట్టి సరిచూసేవాడు. మళ్లీ విడదీసి స్థలానికి తెచ్చి నిలబెట్టేటప్పుడు ఏది దేనికో తెలియడానికి అతుకుల దగ్గర రోమన్ అంకెల్లాంటి గీతలు చెక్కేవాడు. మీ ఇంట్లో మెట్ల పక్క స్తంభం మీద టార్చ్‌ను అడ్డంగా పట్టి చూడండి, అవి దొరికే అవకాశం ఎక్కువ. ఆ అంకెలు వరసగా, చెదరకుండా ఉంటే చట్రం మొదట కట్టినట్టే ఉందన్నమాట. మధ్యలో కొన్ని అంకెలు లేకపోతే ఇల్లు ఒకప్పుడు ఇంకా పొడవుగా ఉండి, ఒక భాగం పోయి ఉండొచ్చు.

కొయ్యల మధ్య ఖాళీల్లో హేజెల్ బద్దలతో తడిక అల్లి, దాని మీద బంకమట్టి, పేడ, తరిగిన గడ్డి కలిపి మెత్తేవాళ్లు. మన పల్లెల్లో తడికె గోడ మెత్తినవాళ్లు ఎవరైనా అది చూడగానే గుర్తుపడతారు. పైన సున్నం పూత, సున్నం వెల్ల. సఫోక్ అంటే గుర్తొచ్చే లేత గులాబీ రంగు కూడా ఆ వెల్లలో రంగు కలిపి వేసిందే.

ఇక్కడ ఒక మాట. నల్లటి కొయ్యలు, తెల్లటి గోడలు అనే బొమ్మ మనందరి మనసులో ఉంటుంది. ఆ నలుపులో చాలా భాగం 19వ శతాబ్దపు మోజు. అంతకుముందు ఓక్‌ను రంగు వేయకుండా వదిలేస్తే వెండిరంగుకు తిరిగేది, లేదంటే గోడతో పాటే సున్నం కొట్టేవాళ్లు. సఫోక్‌లోనే ఉన్న లావెన్‌హామ్ ఊరికి వెళ్తే ఆ వెండిరంగు కొయ్య కనిపిస్తుంది. మీ ఇంటికి ముందువైపు పూత తీసేసి "కొయ్యలు బయటపెడతాం" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. సఫోక్‌లో 17వ శతాబ్దం నుంచీ చట్రాన్ని మొత్తం పూతతో కప్పడం మామూలైంది. తర్వాతి కాలపు చట్రాలైతే ఎలాగూ కప్పుతారనే లెక్కతో సన్నపాటి కొయ్యతో కట్టారు, అవి వానకు తట్టుకోవు.

పొగ, చిమ్నీ

మీ ఇంటి చరిత్రంతా ఇక్కడే ఉంది.

16వ శతాబ్దం మధ్య దాకా మామూలు రైతు ఇంట్లో చిమ్నీ లేదు. మధ్యలో పెద్ద హాలు, నేల నుంచి పైకప్పు దాకా ఖాళీ, పైన మేడ లేదు. నేల మధ్యలో పొయ్యి. పొగ పైకి లేచి, గడ్డిలోంచీ కప్పు కొసన ఉన్న సందుల్లోంచీ మెల్లగా బయటికి పోయేది. కిటికీలకు అద్దాలు లేవు. నిలువు కొయ్యలు పాతి, లోపల చెక్క తలుపులు. హాలుకు ఒక చివర, ఇంటికి అడ్డంగా, ముందు తలుపు నుంచి వెనక తలుపుకు దారి. వెస్ట్ సస్సెక్స్‌లోని వీల్డ్ అండ్ డౌన్‌లాండ్ మ్యూజియంలో బేలీఫ్ అనే 15వ శతాబ్దపు రైతు ఇంటిని విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. కెంట్‌లో రిజర్వాయర్ కింద మునిగిపోబోతుంటే కాపాడిన ఇల్లు అది. వీలైతే కొనే ముందే పిల్లల్ని తీసుకుని ఒకసారి వెళ్లి రండి. ఆ హాలు మధ్యలో నిలబడి పైకి చూస్తే, మీ ఇంట్లో తర్వాత ఏమేం చేర్చారో మీ అంతట మీకే అర్థమవుతుంది.

తర్వాత ఇటుక చిమ్నీలు వచ్చాయి. మీకు దగ్గరే ఉన్న ఎసెక్స్‌లోని రాడ్‌వింటర్‌లో విలియం హారిసన్ అనే చర్చి గురువు ఉండేవాడు. తమ చిన్నప్పుడు ఊళ్లో రెండో మూడో ఉన్న చిమ్నీలు ఇప్పుడు ఎక్కడ చూసినా లేస్తున్నాయని పెద్దలు ఆశ్చర్యపోతున్నారని ఆయన 1577లో అచ్చయిన రచనలో రాశాడు. 1953లో చరిత్రకారుడు డబ్ల్యూ.జి. హోస్కిన్స్ 1570-1640 మధ్య కాలాన్ని పల్లె ఇళ్ల మహా పునర్నిర్మాణంగా గుర్తించాడు. అది అన్ని జిల్లాల్లో ఒకేసారి జరగలేదని తర్వాతి పరిశోధకులు చూపించారు. ధాన్యం ధరలు పెరుగుతుండటం, కౌలు మాత్రం పాత లెక్కలోనే ఉండటం వల్ల రైతు చేతిలో డబ్బు మిగిలింది. ఆ డబ్బే చిమ్నీ అయింది, కిటికీ అద్దమైంది.

చిమ్నీ రాగానే పొగ గొట్టంలోకి వెళ్లిపోయింది. పైకప్పు దాకా ఖాళీగా ఉన్న హాలుకు అడ్డంగా దూలాలు వేసి పైన పడకగదులు చేశారు. మీ ఇంట్లో తల తగిలే ఎత్తుకు కారణం ఇదే, అప్పటివాళ్లు పొట్టివాళ్లు కావడం కాదు. మేడ కోసం కట్టని ఇంట్లో మేడ దూర్చారు. పైగదిలో ఛాతీ ఎత్తున అడ్డంగా పోతున్న లావు దూలం మీ ఫోటోలో ఉంది కదా, అది ముందు గోడనూ వెనక గోడనూ పట్టి ఉంచే కట్టు. ఒకచోట దాన్ని కోసి నడిచే దారి చేసినట్టు కనిపిస్తోంది. ఈ ప్రాంతంలో ఇది తరచుగా చూస్తాను. అలా కోస్తే కప్పు బరువుకు గోడలు బయటికి తోసుకుపోతాయి. ఆ కోసినచోట ఇనుప పట్టీ ఏదైనా వేశారో లేదో సర్వేయర్ చేత ప్రత్యేకంగా చూపించండి.

మీ ముందు తలుపు తెరవగానే ఎదురుగా చిమ్నీ గోడ ఉంది. దీనికి రెండు కథలు సాధ్యం. ఒకటి, 1600 ప్రాంతంలో మొదటి నుంచే చిమ్నీ మధ్యలో పెట్టి, తలుపు దాని ముందు పెట్టి కట్టిన ఇల్లు. సఫోక్‌లో 17వ శతాబ్దపు ఇళ్ల తీరు అదే. రెండు, అంతకంటే పాత హాలు ఇంట్లో, ముందు తలుపు నుంచి వెనక తలుపుకు పోయే ఆ దారి ఉన్నచోటే తర్వాత చిమ్నీ లేపారు. కింద నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి.

అటక మీద చూడాల్సినవి

వాసాల మీద మసి ఉందా? పొగచూరిన కొయ్య అన్నివైపులా నల్లగా, కొంచెం మెరుస్తూ ఉంటుంది. వేలితో రుద్దితే అంటుతుంది. చిమ్నీ పక్కన మాత్రమే నల్లగా ఉంటే అది గొట్టం కారిన మసి కావచ్చు. హాలు మీది వాసాలన్నీ ఒకే తీరున నల్లబడి, పక్క గదుల మీది వాసాలు శుభ్రంగా ఉంటే మాత్రం నడిమి పొయ్యి కాలపు ఇల్లని చెప్పొచ్చు. అలాంటప్పుడు 1580 అని ఏజెంట్ చెప్పింది చట్రానికి కాదు, బహుశా చిమ్నీకి దగ్గరగా ఉంటుంది.

ఒక ఇల్లు గుర్తొస్తోంది. బయట లేత పసుపు ఇటుక, చక్కగా రెండువైపులా సమానంగా కిటికీలు. లిస్టులో 19వ శతాబ్దం మొదలు అని రాశారు. అటక ఎక్కితే బొగ్గులా నల్లబడ్డ వాసాలు, దూలం మీద నిలబెట్టిన చెక్కుడు పని స్తంభం, దాన్నుంచి నాలుగువైపులకు వంపు కొయ్యలు. అలాంటి స్తంభం 16వ శతాబ్దం మొదలయ్యాక అరుదైపోయింది. అంటే ఇటుక ముఖం కంటే మూడొందల ఏళ్లు పాత ఇల్లు. ఇలా ఎందుకు జరుగుతుందంటే, 1980ల్లో దేశమంతటా త్వరత్వరగా రీసర్వే చేసినప్పుడు చాలా ఇళ్లను వీధిలో నిలబడి చూసి రాశారు. మీ ఇంటికీ ముందువైపు పైకీ కిందికీ జరిపే సాష్ కిటికీలున్నాయి కాబట్టి 18వ శతాబ్దం అని పడి ఉంటుంది.

అటకే కాక ఇంకొన్ని గుర్తులున్నాయి. పైగది నేలను మోసే సన్న దూలాలు అడ్డంగా పడుకోబెట్టినట్టు వెడల్పుగా ఉంటే పాతవి, నిలువుగా సన్నగా ఉంటే 17వ శతాబ్దం లేదా తర్వాతవి. దూలం అంచును ఏటవాలుగా చెక్కి, చివర ఎలా ముగించారో చూస్తే కాలం కొంత తెలుస్తుంది. కొయ్య మీద రంపపు గీతలు నిటారుగా, ఎగుడుదిగుడుగా ఉంటే చేతి రంపం. వంపు తిరిగి ఒకే దూరంలో ఉంటే యంత్రపు గుండ్రటి రంపం, అంటే 19వ శతాబ్దానిదో ఆ తర్వాతదో. కిటికీ పైకొయ్య అడుగున వరసగా చదరపు గుంటలు కనిపిస్తే అక్కడ అద్దాలు లేని పాత కిటికీ ఉండేది. చిమ్నీ ఇటుక సన్నగా, రెండు అంగుళాల చుట్టుపక్కల మందంతో ఉంటే పాతది.

చిమ్నీ ముందున్న పెద్ద దూలం మీద కంపాస్‌తో గీసిన ఆరు రేకుల పువ్వు గుర్తులు, కన్నీటిచుక్క ఆకారంలో కాలిన మచ్చలు ఉన్నాయేమో వెతకండి. మనం గుమ్మానికి దిష్టి గుమ్మడికాయ కట్టినట్టే, ఇల్లు కాలకుండా, చెడు గొట్టంలోంచి దిగకుండా చేసుకున్న రక్షలని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. చిమ్నీ సందుల్లో పాత చెప్పు దాచడం కూడా ఉండేది. అలా దొరికిన వాటి వివరాలను నార్తాంప్టన్ మ్యూజియం నమోదు చేస్తుంది. మీకు దొరికితే పారేయకండి, ఇంట్లోంచి బయటికి ఇచ్చేయకండి.

"ఈ దూలాలు పాత ఓడలవి" అని ఏజెంట్లు చెప్పే మాట కూడా మీ చెవిన పడే ఉంటుంది. సముద్రం ఆనవాళ్లు కూడా లేని ఊళ్లలో సైతం చెప్తారు. కొయ్య మీద కనిపించే ఖాళీ బెజ్జాలను చూసి పుట్టిన కథ ఇది. అవి తీసేసిన గోడల గుర్తులు, లేదా వేరే ఇంటి నుంచి తెచ్చి మళ్లీ వాడిన కొయ్య గుర్తులు.

కచ్చితమైన ఏడాది కావాలంటే

ఓక్ చెట్టు ఉంగరాలను లెక్కించి కాలం కట్టే పద్ధతి ఉంది. పచ్చి కొయ్యతోనే కట్టేవాళ్లు కాబట్టి చెట్టు కొట్టిన ఏడాది తెలిస్తే ఇల్లు కట్టిన ఏడాది దాదాపు తెలిసినట్టే. బెరడు దాకా ఉన్న కొయ్య దొరికితే ఏ రుతువులో కొట్టారో కూడా చెప్తారు. కాకపోతే మా తూర్పు జిల్లాల్లో ఓక్ వేగంగా పెరిగింది, ఒక్కో దూలంలో ఉంగరాలు తక్కువ, చాలాసార్లు పోలిక కుదరదు. ఇప్పుడు స్వాన్సీ యూనివర్సిటీ వాళ్లు ఉంగరాల్లోని ఆక్సిజన్ ఐసోటోపులతో పోల్చే పద్ధతి తెచ్చారు, ఇలాంటి కొయ్యకూ తేదీ వస్తోంది. కొనడానికి మాత్రం దీని అవసరం లేదు. తర్వాత ఆసక్తి ఉంటే చేయించుకోండి. కొయ్యకు రంధ్రం చేయాలి కాబట్టి ముందుగా కౌన్సిల్‌తో మాట్లాడాలి.

కాగితాల్లో మీ ఇల్లు

ఇది ఖర్చులేని పని, నాకు అన్నిటికంటే ఇష్టమైనది కూడా. 1836 చట్టం తర్వాత ఊరూరా పంటలో చర్చి వాటాను డబ్బుగా మార్చడానికి టైథ్ మ్యాపులు గీశారు. ప్రతి ఇంటికీ నంబరు, యజమాని పేరు, ఉంటున్నవాళ్ల పేర్లు ఉంటాయి. సఫోక్ ఆర్కైవ్స్‌లో మీ ఊరిది అడగండి. ఒకే నంబరు కింద ఇద్దరు ముగ్గురి పేర్లుంటే ఇంటిని ముక్కలు చేసి కూలీలకు అద్దెకిచ్చారని అర్థం. మీ ఫోటోలో మూసేసిన ఆ ఎడమ తలుపు అందుకే నా కంట్లో పడింది. రైతు కొత్త ఇటుక ఇంటికి మారిపోవడం, పాత ఇంటిని రెండు మూడు కుటుంబాలకు పంచడం 18, 19వ శతాబ్దాల్లో ఇక్కడ మామూలే. 1841 నుంచి జనాభా లెక్కల్లో ఆ కుటుంబాల పిల్లల పేర్లతో సహా దొరుకుతాయి. ఒక్కో గదిలో ఎంతమంది ఉన్నారో చూస్తే మనసు బరువెక్కుతుంది. మనం అందమైన పల్లె ఇల్లు అనుకునేదాంట్లో చాలాకాలం పేదరికమే కాపురం ఉంది. 20వ శతాబ్దంలో ఉండటానికి పనికిరావని కౌన్సిళ్లు ముద్ర వేసి కొన్నింటిని పడగొట్టాయి. మిగిలినవాటిని పట్నాలవాళ్లు కొని, ముక్కల్ని మళ్లీ ఒక్కటి చేశారు.

ఇంకా వెనక్కి వెళ్లాలంటే పొయ్యి పన్ను. 1662 నుంచి 1689 దాకా ప్రతి పొయ్యికీ ఏడాదికి రెండు షిల్లింగులు వసూలు చేశారు. సఫోక్‌కు 1674 జాబితా అచ్చులో దొరుకుతుంది. అందులో ఇంటి పేర్లు ఉండవు, మనుషుల పేర్లే ఉంటాయి. మీ ఇంటికి సరిపోయే రైతు ఎవరో తెలిస్తే ఆయనకు ఎన్ని పొయ్యిలున్నాయో అక్కడ ఉంటుంది. పాత దస్తావేజుల్లో కాపీహోల్డ్ (ఊరి ప్రభువు కింద భూమిని అనుభవించే హక్కు) అనే మాట ఉంటే ఊరి ప్రభువు కచేరీ రికార్డుల్లో ఇంకా వెనకటి పేర్లు దొరుకుతాయి. ఆ హక్కు పద్ధతి 1926తో ముగిసింది.

చెమ్మ సంగతి

మిమ్మల్ని ఎక్కువ భయపెట్టింది ఇదే అనుకుంటాను. నా అనుభవంలో ఇలాంటి ఇళ్లలో చెమ్మకు మూలం చాలాసార్లు ఇల్లు కాదు, గత అరవై డెబ్బై ఏళ్లలో ఆ ఇంటికి చేసిన "బాగు". మట్టి, సున్నం, ఓక్ నీళ్లను పీల్చుకుని మళ్లీ గాలికి వదిలేస్తాయి. వాటి మీద సిమెంట్ పూత, ప్లాస్టిక్ పెయింట్ వేస్తే, సిమెంట్ చిట్లిన సందుల్లోంచి వాన లోపలికి పోతుంది, బయటికి రాదు. నీళ్లన్నీ కిందికి దిగి చట్రానికి అడుగున ఉన్న అడ్డకొయ్యను కుళ్లబెడతాయి. పైకి గోడ గట్టిగా, శుభ్రంగా కనిపిస్తుంది. ఒక ఇంట్లో సిమెంట్ ముక్క తీసి చూస్తే మూల స్తంభం అడుగు ఎత్తున వట్టి పొడి. సిమెంట్ పెంకే ఆ మూలను మోస్తోంది.

మీ ముందు గోడ నున్నగా, అద్దంలా మెరుస్తోంది. అది సిమెంటేనని నా గట్టి అనుమానం. ఆఫర్ ఇచ్చే ముందు అడుగు భాగంలో ఒకటి రెండు చోట్ల తెరిచి చూడటానికి అమ్మేవాళ్ల ఒప్పుదల, కౌన్సిల్ ఒప్పుదల అడగండి. కుదరకపోతే, కింది కొయ్య బాగుచేసే ఖర్చును లెక్కలో వేసుకునే ధర చెప్పండి. గోడలో రసాయనం ఇంజెక్ట్ చేసి చెమ్మ ఆపుతామనే కంపెనీల కొటేషన్ తీసుకోకండి, కొయ్య చట్రానికి, మట్టి గోడకు ఆ పద్ధతి వర్తించదు. గోడకు గుచ్చే చిన్న మీటర్ పాత గోడల్లోని ఉప్పుకు కూడా ఎర్రలైటు చూపిస్తుంది. చేయాల్సింది ఇదీ: ముందు ఇంటి చుట్టూ నేల ఎత్తు తగ్గించడం, చూరు నీళ్లు గోడకు దూరంగా పోయేలా చూడడం, తర్వాత విడతలవారీగా సిమెంట్ తీసి సున్నం పూత వేయడం. మన దగ్గర గానుగ సున్నంతో కట్టిన పాత మిద్దెలు ఎలా నిలబడ్డాయో తెలిసిన కుటుంబమైతే మీకు ఇది కొత్తగా అనిపించదు. 1877లో విలియం మోరిస్ మొదలుపెట్టిన పురాతన కట్టడాల రక్షణ సంఘం, ఎస్‌పిఏబి, ఇప్పటికీ ఇలాంటి విషయాల్లో సలహా ఇస్తుంది. అడగడానికి మొహమాటపడకండి.

గ్రేడ్ 2 అంటే

ఇంగ్లండ్‌లో లిస్టులో సుమారు 4 లక్షల నమోదులున్నాయి, పదింట తొమ్మిదికి పైగా గ్రేడ్ 2వే. 1700కు ముందుది, మొదటి రూపం కొంతైనా మిగిలినది అయితే దాదాపు అన్నీ ఇందులో ఉంటాయి. ఏమీ మార్చకూడదని కాదు, ఇంటి ప్రత్యేకతను ప్రభావితం చేసే ఏ మార్పుకైనా కౌన్సిల్ అనుమతి ముందే తీసుకోవాలి. ముఖం ఒక్కటే కాదు, లోపలి మెట్లు, తలుపులు, పొయ్యి, అన్నీ లిస్టులో ఉన్నట్టే. 1948 జులై 1కి ముందు నుంచీ ఆవరణలో ఉన్న షెడ్డూ, ప్రహరీ కూడా. అనుమతి లేకుండా చేయడం క్రిమినల్ నేరం, జైలు శిక్ష రెండేళ్ల దాకా ఉండొచ్చు.

ఎక్కువమంది చూసుకోని సంగతి ఇంకొకటి ఉంది. పాత యజమాని అనుమతి లేకుండా చేసిన మార్పుకు శిక్ష మీకు పడదు, కానీ దాన్ని సరిచేయమనే నోటీసు ఇప్పటి యజమానికే వస్తుంది, దానికి కాలపరిమితి లేదు. వెనక వంటగది పొడిగింపు, కోసిన దూలం, ప్లాస్టిక్ కిటికీలు, వీటన్నిటికీ అనుమతి కాగితాలు మీ సొలిసిటర్ (కొనుగోలు చూసే లాయర్) చేత అడిగించండి. పనుల మీద వ్యాట్ కూడా లెక్కలో పెట్టుకోండి. అనుమతి పొందిన మార్పులకు ఒకప్పుడు ఉన్న మినహాయింపు 2012 అక్టోబర్‌లో పోయింది, ఇప్పుడు పూర్తి 20 శాతం.

గడ్డికప్పు, దీపం, వంట

సఫోక్‌లో సంప్రదాయంగా పొడవు గోధుమ గడ్డి వేస్తారు. కప్పేవాడి పనితనం, చెట్ల నీడ, గడ్డి నాణ్యతను బట్టి ఇరవై ఏళ్ల చుట్టుపక్కల వస్తుంది, నీటి రెల్లు దాదాపు రెట్టింపు. కొసన ఉండే వెన్ను భాగం పది పదిహేనేళ్లకు మార్చాలి. చివరిసారి ఎప్పుడు, ఎవరు కప్పారో అడిగి రాయించుకోండి. తక్కువ మన్నుతుందని గడ్డి నుంచి రెల్లుకు మార్చాలన్నా అనుమతి అడగాలి.

మంటల విషయంలో అసలు అనుమానితుడు కట్టెల స్టవ్. లోపల పగిలిన పాత గొట్టం వేడిని చుట్టూ ఉన్న మందపాటి గడ్డికి అందిస్తుంది, లేదా నిప్పురవ్వ పైకి ఎగిరి కప్పు మీద పడుతుంది. కొన్న వెంటనే గొట్టాన్ని కెమెరాతో చూపించండి, అది అయ్యేదాకా స్టవ్ వెలిగించకండి. గడ్డి కనిపించకుండా సీలింగ్ ఉన్న గదిలో దేవుడి దగ్గర చిన్న దీపానికి ఇబ్బంది లేదు, అటక మీద మాత్రం ఏ నిప్పూ వద్దు. దీపావళికి బాణసంచా ఇంటి దగ్గర కాల్చకండి, నిప్పు పెట్టి గాల్లోకి వదిలే కాగితపు లాంతర్లు అసలు వద్దు. గడ్డికప్పు ఇళ్లకు ప్రత్యేకంగా బీమా ఇచ్చేవాళ్లతో ఆఫర్‌కు ముందే మాట్లాడి షరతులు చదవండి.

పోపు పొగ కంటే అన్నం, పప్పు ఉడికేటప్పుడు వచ్చే ఆవిరే ఇంటికి ఎక్కువ ఇబ్బంది. బయటికి వదిలే ఎగ్జాస్ట్ ఫ్యాన్ తప్పనిసరి. పాత గోడకు కొత్తగా కన్నం పెట్టాలంటే అనుమతి కావాలి, వెనక కొత్త పొడిగింపు గోడలో అయితే తేలికగా వస్తుంది. మీ వంటగది ఎలాగూ అటే ఉంది కాబట్టి ఇది పెద్ద టెన్షన్ కాదు.

సర్వే విషయంలో చివరి మాట. బ్యాంకు పంపే వాల్యుయేషన్ చాలదు. ఆర్‌ఐసిఎస్ (సర్వేయర్ల వృత్తి సంస్థ) లెవెల్ 3 సర్వే, అంటే అన్నిటికంటే వివరమైనది, అదీ కొయ్య చట్రం ఇళ్లు చూసే అలవాటున్న మనిషి చేత చేయించండి. "సున్నం పనికి వివరాలు రాసిచ్చి ఎప్పుడైనా చేయించారా?" అని ఫోన్‌లోనే అడగండి, జవాబులోనే మనిషి తెలిసిపోతాడు. మీరు మళ్లీ ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు అటక తలుపు తీయించి మూడు ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి: చిమ్నీకి రెండువైపులా వాసాలు ఒక్కోటి, ఆ కోసిన దూలం చివర దగ్గరగా ఒకటి. మసి ఉందో లేదో కనిపిస్తే 1580కి ముందా తర్వాతా అనేది చాలావరకు చెప్పగలను.